ముసురుకు పుట్టిన వైపర్, ముప్పై ఏళ్ల పేటెంటు పోరు

జులైలో ముసురు పట్టినప్పుడు హనుమకొండ నుంచి పరకాల వైపు పాత లారీలో కూర్చుని వెళ్లిన వాళ్లకు ఒక సంగతి తెలిసే ఉంటుంది. డ్రైవర్ వైపర్ స్విచ్ వేస్తాడు, అద్దం రెండుసార్లు తుడవగానే కట్టేస్తాడు. తుంపర మళ్లీ అద్దమంతా పరుచుకోగానే మళ్లీ వేస్తాడు. వేసి వదిలేస్తే ఆరిన అద్దం మీద రబ్బరు కీచుమంటుంది, నాలుగు రోజులకే గీతలు పడతాయి. జడివానకు పనికొచ్చే వైపర్ ముసురుకు పనికిరాదు. వాన ఆగి ఆగి పడుతుంటే వైపర్ కూడా ఆగి ఆగి తుడవాలి. ఇప్పటి కార్లలో స్టీరింగ్ పక్కనున్న కాడను ఒక మెట్టు కదిపితే ఆ పని దానంతటదే జరిగిపోతుంది. ఆ ఒక్క మెట్టు మీద హక్కు ఎవరిదో తేలడానికి అమెరికాలో ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ పోరాటం చేసిన మనిషి పేరు రాబర్ట్ కెర్న్స్. డెట్రాయిట్‌లో ఇంజనీరింగ్ పాఠాలు చెప్పే ప్రొఫెసర్. 1953లో పెళ్లయిన రాత్రి షాంపేన్ సీసా బిరడా ఎగిరి ఎడమ కంటికి తగలడంతో ఆ కంటి చూపు దాదాపు పోయింది. ఆ తర్వాత వానలో కారు నడపడం ఆయనకు మరీ కష్టమైంది. కనురెప్ప ఎప్పుడూ కొట్టుకుంటూనే ఉండదు కదా, అవసరమైనప్పుడు ఒకసారి వాలి లేస్తుంది, వైపర్ అలా ఎందుకు ఉండకూడదు అన్నది ఆయన ఆలోచన. 1963లో తన ఫోర్డ్ గెలాక్సీ కారుకే ఆ వైపర్ బిగించి ఫోర్డ్ కంపెనీ ఇంజనీర్లకు చూపించాడు. 1964 డిసెంబరులో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1967లో పేటెంటు వచ్చింది. ఫోర్డ్‌తో కొన్నాళ్లు మాటలు నడిచి, వివరాలు చేతికి అందాక ఆగిపోయాయి. 1969లో ఫోర్డ్ తన మెర్క్యురీ కార్లలో ఆగి ఆగి తుడిచే వైపర్‌ను తెచ్చింది. కెర్న్స్‌కు అందులో పైసా రాలేదు.

ఆయన చేసిన పరికరం లోపల ఏముందో ఒకసారి చూడాలి, కోర్టు వాదనంతా దాని చుట్టూనే తిరిగింది. ఒక కెపాసిటర్, ఒక ట్రాన్సిస్టర్, తిప్పితే విలువ మారే ఒక రెసిస్టర్. నల్లా కింద బిందె పెట్టినట్టు అనుకోండి. బిందె కెపాసిటర్, నల్లా రెసిస్టర్. నల్లా సన్నగా విప్పితే బిందె నిండడానికి ఎక్కువ సేపు పడుతుంది, పెద్దగా విప్పితే తొందరగా నిండుతుంది. బిందె ఒక గీత దాకా నిండగానే ట్రాన్సిస్టర్ మేల్కొని వైపర్ మోటారును ఒక్క చుట్టు తిప్పుతుంది, బిందె ఖాళీ అవుతుంది, మళ్లీ నిండడం మొదలు. లెక్క కూడా కష్టం కాదు. 100 మైక్రోఫారాడ్ల కెపాసిటర్‌కు 50 కిలో ఓమ్‌ల రెసిస్టర్ కలిపితే గడువు సుమారు 5 సెకన్లు. ఈ మూడు సామాన్లూ వరంగల్‌లో ఏ ఎలక్ట్రానిక్స్ షాపుకు వెళ్లినా కౌంటర్ మీద పెడతారు.

ఫోర్డ్ పట్టుకున్నది సరిగ్గా ఆ మాటే. కెపాసిటర్ కెర్న్స్ కనిపెట్టిందా? కాదు. ట్రాన్సిస్టర్? అదీ కాదు. అందరికీ తెలిసిన సామాన్లు ఒకచోట పెడితే అది కొత్తది ఎలా అవుతుంది, ఆ రంగం తెలిసిన ఏ ఇంజనీరుకైనా తట్టే పనే కదా అని కంపెనీ లాయర్లు వాదించారు. వినడానికి బలంగానే ఉంటుంది. కానీ ఆ లెక్కన చూస్తే ఇనుము, రబ్బరు, కరెంటు కనిపెట్టినవాడు తప్ప ఆ తర్వాత ఎవరూ ఏమీ కనిపెట్టనట్టే అవుతుంది. 1990లో జ్యూరీ కెర్న్స్ పేటెంట్లు చెల్లుతాయని, ఫోర్డ్ వాటిని ఉల్లంఘించిందని తేల్చింది. అయితే అది కావాలని చేసింది కాదని కూడా అంది. ఆ రెండో మాటతో పరిహారం తగ్గింది.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆగి ఆగి తుడిచే వైపర్ అన్న ఊహ కెర్న్స్‌కు ముందే ఉంది. 1923లోనే రేమండ్ ఆండర్సన్ అనే ఆయన అలాంటి ఏర్పాటుకు పేటెంటు దరఖాస్తు పెట్టాడు. 1961లో బ్రిటన్‌లో లూకాస్ కంపెనీ ఇంజనీరు జాన్ ఆమోస్ ఎలక్ట్రానిక్ పద్ధతికే పేటెంటు అడిగాడు. అసలు వైపర్‌కే 1903లో పేటెంటు తెచ్చుకున్న మేరీ ఆండర్సన్ కథ ఇంకా బాధగా ఉంటుంది. న్యూయార్క్‌లో మంచు పడుతుంటే ట్రామ్ డ్రైవర్ కిటికీ తెరిచి చేత్తో అద్దం తుడుచుకోవడం చూసి ఆమె ఆ పరికరం చేసింది. కంపెనీలు కొనలేదు. 1920లో పేటెంటు గడువు తీరింది, ఆ తర్వాత వైపర్ లేని కారే లేకుండా పోయింది. మరి అందరికన్నా ముందు తట్టింది ఎవరికి అన్నదే ప్రశ్న అయితే కెర్న్స్ ఓడిపోవాలి. పేటెంటు చట్టం అడిగే ప్రశ్న అది కాదు. నువ్వు కాగితం మీద సరిగ్గా దేన్ని నీదన్నావు, అది ఆ తేదీకి కొత్తదేనా అని అడుగుతుంది. గెలుపోటములు ఆ కాగితం దగ్గరే సగం తేలిపోతాయి.

మన చట్టమూ అంతే. 1970 నాటి పేటెంట్ల చట్టం ఆవిష్కరణకు ముందడుగు ఉండాలంటుంది. అంటే సాంకేతికంగా మెరుగైనా కావాలి, ఆర్థికంగా విలువైనదైనా కావాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది మాత్రం కాకూడదు. అదే చట్టం సెక్షన్ 3(ఎఫ్) ఇంకో మెలిక పెట్టింది. తెలిసిన పరికరాలను పక్కపక్కన అమర్చి, వేటి పని అవి మామూలుగా చేసుకుంటూ పోతే అది ఆవిష్కరణ కాదు. చిన్న మెకానిక్కులు చేసే చాలా పనులు ఆగిపోయేది ఇక్కడే. దీన్ని దాటే దారి కూడా ఆ వాక్యంలోనే ఉంది. 'వేటి పని అవి' అన్న మాట చూడండి. ముక్కలు కలిసి, విడిగా ఏదీ ఇవ్వలేని ఫలితం ఇస్తే కథ మారుతుంది.

ఉదాహరణకు మన దగ్గర ప్రతి వానాకాలం వినిపించే గొడవ తీసుకుందాం. నాట్లకు ముందు మడిని బురదగా దున్నే కరిగెట్లప్పుడు ట్రాక్టర్‌కు కేజ్ వీల్స్, అంటే ఇనుప చక్రాలు, వేస్తారు. ఒక మడి నుంచి ఇంకో మడికి పోవాలంటే తారురోడ్డు ఎక్కాలి. ఇనుప చక్రాల యాంగిల్ పట్టీలు రోడ్డును చెక్కేస్తాయి. అధికారులు ప్రతి సీజన్‌లో హెచ్చరిస్తారు, జరిమానాలు వేస్తారు. రైతు బాధ కూడా నిజమే, కిలోమీటరు దూరానికి చక్రాలు విప్పి మళ్లీ బిగించడం ఎవరి వల్ల అవుతుంది? ఇప్పుడు వరంగల్ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ పాత లారీ టైరు పట్టా కోసి, దాన్ని కేజ్ వీల్ చుట్టూ చుట్టి, ట్రంకు పెట్టెకు ఉండే గొళ్లెంలాంటి దానితో బిగించాడనుకుందాం. చక్రం తిరిగే కొద్దీ పట్టా లాగుతుంది, ఆ లాగుడుకే గొళ్లెం ఇంకా బిగుసుకుంటుంది. రోడ్డు దిగగానే ఒక్క దెబ్బతో ఊడి వస్తుంది. బోల్టు లేదు, పానా అక్కర్లేదు.

ఇందులో పేటెంటు దేనికి అడగాలి? 'ఇనుప చక్రానికి రబ్బరు తొడుగు' అని రాస్తే పరీక్ష చేసే అధికారి పాత కాగితాలు ఓ పది చూపించి పక్కన పెడతాడు. రబ్బరు తొడుగు కొత్తదేమీ కాదు. 'నాలుగు అంగుళాల పట్టా, ఫలానా సైజు గొళ్లెం, మూడు చోట్ల రివెట్లు' అని కొలతలన్నీ రాస్తే పేటెంటు రావచ్చు కానీ దానితో ఉపయోగం ఉండదు. పక్క షెడ్డువాడు ఐదు అంగుళాల పట్టా పెట్టి, రివెట్లు రెండు చేసి, నాది వేరే అంటాడు. రాయాల్సింది ఆ రెండింటి మధ్యలో ఉంది. చక్రం తిరిగే బలంతోనే బిగుసుకునే గొళ్లెం, పట్టా రెండు చివర్లూ దానిలో ఎలా కూర్చుంటాయి, వెనక్కి తిప్పినా ఎందుకు వదలదు. టైరు ముక్క, గొళ్లెం, చక్రం మూడూ కలిసి చేస్తున్న కొత్త పని అదే. పేటెంటు భాషలో వీటిని క్లెయిములు అంటారు. మొత్తం దరఖాస్తులో ఎన్ని బొమ్మలు గీసినా, ఎన్ని పేజీలు వర్ణించినా, రేపు కోర్టు కొలిచేది ఈ క్లెయిముల్లోని వాక్యాలనే. చేతిపనిలో ఉద్దండుడైనవాడు ఇక్కడ తడబడతాడు. గొళ్లెం ఎలా పని చేస్తుందో చేతిలో పెట్టి చూపించగలడు, ఒక్క వాక్యంలో కట్టి రాయలేడు. అది అతని తప్పు కాదు, అది వేరే విద్య. నిట్ వరంగల్ లాంటి చోట చదువుకునే పిల్లలు సెలవు రోజుల్లో ఆటోనగర్ షెడ్లకు వెళ్లి ఈ ఒక్క పనిలో చేయి వేస్తే ఇద్దరికీ మేలే.

తెలిసిన సామాన్లతోనే కొత్త పని చేయించిన మనిషి మనకు దూరమేమీ కాదు. వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో ఆలేరు వస్తుంది. ఆ ప్రాంతపు చింతకింది మల్లేశం, చీరకు దాదాపు 9 వేల సార్లు చేయి తిప్పి ఆసు పోసే (నేతకు ముందు నూలును పుల్లల చుట్టూ తిప్పే) తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టి 1999కి పూర్తి చేశాడు. మోటార్లు, గేర్లు, పుల్లలు, అన్నీ బజారులో దొరికేవే. ఆ ఆసు యంత్రానికి పేటెంటూ వచ్చింది, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. గ్రామీణ ఆవిష్కర్తల వెంట నిలబడే పల్లె సృజన, గుజరాత్‌లోని నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ లాంటి సంస్థలు ఉన్నాయి కాబట్టి ఇలాంటి వాళ్లకు దరఖాస్తు రాయించుకోవడం కాస్త తేలికైంది.

ఇప్పుడు ఎక్కువమంది చేసే పొరపాటు. వస్తువు తయారవగానే ఫోన్ తీసి వీడియో చేస్తారు. వాట్సాప్ గ్రూపులో పెడతారు, యూట్యూబ్‌లో ఎక్కిస్తారు, లోకల్ విలేకరి వచ్చి ఫొటో తీస్తాడు. ఊరంతా శభాష్ అంటుంది. ఆ సాయంత్రంతోనే పేటెంటు హక్కు చేజారిపోవచ్చు. దరఖాస్తు తేదీకి ముందే లోకానికి తెలిసిపోయిన వస్తువు చట్టం దృష్టిలో కొత్తది కాదు, తెలియజేసింది దాన్ని తయారు చేసిన మనిషే అయినా సరే. మినహాయింపులు ఉన్నాయి, చాలా ఇరుకైనవి. కేంద్ర ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలో పెడితే 12 నెలల్లోగా దరఖాస్తు చేసుకోవచ్చు. బహిరంగంగా తప్ప పరీక్షించడం కుదరని వస్తువైతే, పరీక్ష కోసమే వాడితే, దానికీ ఏడాది సడలింపు ఉంది. కేజ్ వీల్‌కు తొడుగు వేసి రోడ్డు మీద నడిపి చూడటం ఆ కోవలోకి రావచ్చు. పది మంది రైతులకు అమ్మి డబ్బు తీసుకుంటే అది పరీక్ష కాదు, వ్యాపారం.

ఈ ప్రమాదానికి మందు మరీ ఖరీదైనదేం కాదు. ప్రొవిజనల్ దరఖాస్తు అని ఒకటి ఉంది. వస్తువు పూర్తిగా నునుపు తేలకపోయినా, దాని సారం ఏమిటో వివరంగా రాసి ఇస్తే తేదీ ఖాయమవుతుంది. అక్కడి నుంచి 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్, అంటే పూర్తి వివరాల పత్రం, వేయాలి. తెలంగాణ దరఖాస్తులు చెన్నై పేటెంట్ ఆఫీసు పరిధిలోకి వస్తాయి, అన్నీ ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. మామూలు వ్యక్తికి ఫీజు రూ.1,600. పెద్ద కంపెనీకైతే రూ.8,000. మామూలు వ్యక్తి పరీక్ష చేయమని అడగడానికి ఇంకో రూ.4,000. పేటెంటు వచ్చాక దాన్ని బతికించుకోవడానికి మూడో ఏడాది నుంచి ఏటా కట్టాలి, మొదట్లో రూ.800, చివరి ఐదేళ్లు రూ.8,000 చొప్పున. ఇరవై ఏళ్లూ నిలబెట్టుకుంటే ఈ వార్షిక రుసుములే రూ.76,800 అవుతాయి. దరఖాస్తు రాసిపెట్టే ఏజెంటు ఫీజు వీటన్నిటికీ వేరు, చాలా సార్లు అసలు ఖర్చు అదే. ఒక సెకండ్ హ్యాండ్ ట్రాలీ ధరలో ఇది ఎంత అని చూస్తే మోయలేనిదేం కాదు. ఏళ్ల తరబడి రూపాయి రాకుండా మోయాలంటేనే కష్టం.

అంతకన్నా పెద్ద కష్టం పేటెంటు వచ్చాక మొదలవుతుంది. ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించిన ఆ సర్టిఫికెట్ చెల్లుతుందని ప్రభుత్వం హామీ ఏమీ ఇవ్వదు, చట్టమే ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఎవరైనా కాపీ కొడితే కేసు జిల్లా కోర్టులో వేయొచ్చు. కానీ అవతలివాడు ఎదురు దావా వేసి 'అసలు నీ పేటెంటే చెల్లదు, రద్దు చేయాలి' అంటే కేసు హైకోర్టుకు వెళ్లిపోతుంది. హనుమకొండ కోర్టులో మొదలైన పోరు హైదరాబాద్ చేరుతుంది, లాయరు మారతాడు, ఫీజు మారుతుంది. బలమున్న కంపెనీకి ఇది మొదటి ఎత్తు. ఇంకో సంగతి కూడా ఉంది. తెలియక కాపీ కొట్టానని అవతలివాడు నిరూపించుకుంటే నష్టపరిహారం రాదు. వస్తువు మీద 'పేటెంటెడ్' అని ముద్ర వేసినంత మాత్రాన అతనికి తెలిసినట్టు కాదు, పక్కన నంబరు కూడా ఉండాలి. ఇనుము మీద నంబరు పంచ్ కొట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలు పెట్టనివాడికి పదేళ్ల తర్వాత లక్షల్లో తేడా వస్తుంది.

పెద్దవాళ్ల మధ్య కూడా ఈ గొడవలు ఎంత సాగుతాయో చెప్పడానికి బజాజ్, టీవీఎస్ కేసు చాలు. సిలిండర్‌కు రెండు స్పార్క్ ప్లగ్గులు పెట్టిన చిన్న ఇంజన్ మీద బజాజ్ 2002లో దరఖాస్తు చేసి 2005లో పేటెంటు తెచ్చుకుంది. 2007లో టీవీఎస్ ఫ్లేమ్ బండితో గొడవ మొదలైంది. మద్రాస్ హైకోర్టు సింగిల్ జడ్జి 2008లో బజాజ్ వైపు మొగ్గితే, 2009లో డివిజన్ బెంచ్ ఆ ఉత్తర్వు కొట్టేసింది. అదే ఏడాది సుప్రీంకోర్టు టీవీఎస్‌ను లెక్కలు రాసుకుంటూ అమ్ముకోనిచ్చింది. ఇలాంటి కేసులు రోజువారీగా విని నాలుగు నెలల్లో తేల్చాలని కూడా చెప్పింది. ఆ రెండు కంపెనీలు రాజీకి వచ్చింది 2019లో. ఇరవై ఏళ్ల పేటెంటులో పన్నెండేళ్లు కోర్టుకే పోయాయి. ఇద్దరికీ లాయర్ల డబ్బుకు కొదవ లేదు కాబట్టి నడిచింది.

కెర్న్స్ నష్టం ఇక్కడే అర్థమవుతుంది. 1976లో ఒక మెర్సిడెస్ కారు వైపర్ కంట్రోల్ విప్పి చూసి, లోపల తన సర్క్యూట్ కనబడి కుప్పకూలిపోయాడు. 1978లో ఫోర్డ్ మీద, 1982లో మరో కార్ల కంపెనీ క్రైస్లర్ మీద కేసు వేశాడు. అప్పటి అమెరికా చట్టంలో పేటెంటు వచ్చిన నాటి నుంచి 17 ఏళ్లు గడువు. 1967లో వచ్చిన మొదటి పేటెంటు 1984కే తీరిపోయింది. తీర్పు వచ్చింది 1990లో. ఆయనకు డబ్బొక్కటే ముఖ్యం కాదు, వైపర్లు తన ఫ్యాక్టరీలో తయారై కంపెనీలకు వెళ్లాలన్నది ఆయన పట్టుదల. గెలిచే నాటికి ఆ కోరికకు చట్టంలో చోటే లేదు. ఫోర్డ్‌తో కోటీ 2 లక్షల డాలర్లకు రాజీ అయింది. సుమారు 2 కోట్ల కార్ల మీద పంచితే కారుకు సుమారు అర డాలరు. క్రైస్లర్ మీద ఎక్కువ భాగం తన కేసు తానే వాదించుకుని 1992లో గెలిచాడు. 1995లో అమెరికా సుప్రీంకోర్టు జోక్యం చేసుకోనన్నాక వడ్డీతో కలిపి సుమారు 3 కోట్ల డాలర్లు చేతికొచ్చాయి. జనరల్ మోటార్స్ సహా మిగతా కంపెనీల మీద వేసిన కేసులు గడువులోగా కాగితాలు వేయలేక కొట్టివేతకు గురయ్యాయి. మధ్యలో సంసారం చెదిరిపోయింది. 2005లో చనిపోయాడు.

ఆయన పంతం తప్పనడానికి మనసొప్పదు. కానీ వరంగల్‌లో షెడ్డు నడుపుకునే మనిషికి అదే దారి చూపించడానికీ మనసొప్పదు. అంతకన్నా మంచి దారి తయారీ హక్కును రాతపూర్వకంగా అమ్ముకోవడం లేదా వస్తువుకు ఇంత అని రాయల్టీ మీద ఇవ్వడం. నోటిమాట మీద 'నమూనా ఇచ్చి పో అన్నా, చూసి చెప్తాం' అనే చోట ఆగాలి. నమూనా ఇవ్వడానికి ముందే గోప్యత ఒప్పందం మీద సంతకం, దానికీ ముందు దరఖాస్తు నంబరు. సంతకానికి ఒప్పుకోని కొనుగోలుదారుడు రాయల్టీకి ఒప్పుకునే అవకాశం తక్కువ.

ప్రభుత్వం చేయాల్సింది కూడా ఒకటి మిగిలిపోయింది. జర్మనీలో 1891 నుంచి యుటిలిటీ మోడల్ అనే చిన్న పేటెంటు ఉంది. గడువు పదేళ్లే, కానీ లోతైన పరీక్ష లేకుండా తొందరగా నమోదవుతుంది. చైనాలోనూ ఉంది. గొళ్లెం, తొడుగు, లైటు బ్రాకెట్ లాంటి వాటికి సరిగ్గా కుట్టించినట్టు సరిపోయే హక్కు అది. మన దేశంలో 2011లో దీని మీద చర్చాపత్రం వచ్చింది, చట్టం రాలేదు. రూపానికి రక్షణ ఇచ్చే డిజైన్ల చట్టం ఉంది కానీ అది గొళ్లెం ఎలా కనిపిస్తుందో చూస్తుంది, ఎలా బిగుసుకుంటుందో చూడదు. ఇంటింటా ఇన్నోవేటర్ లాంటి కార్యక్రమాలతో తెలంగాణ ప్రభుత్వం ఊళ్లలోని ఆవిష్కరణలను బయటికి తెస్తోంది, మంచిదే. వేదిక ఎక్కించే ముందు ప్రతి ఒక్కరినీ 'దరఖాస్తు వేశావా' అని అడిగే ఏర్పాటు కూడా అందులో భాగం కావాలి, లేకపోతే చప్పట్ల మధ్యే హక్కు కరిగిపోతుంది.

అప్పటిదాకా క్యాలెండర్ చూసుకోవడమే. వానలు సరిగ్గా పడితే జూన్ చివర్లో కరిగెట్లు మొదలవుతాయి. కేజ్ వీల్ రోడ్డెక్కక తప్పదు, దాని మీద కొత్త తొడుగు కనబడగానే చుట్టూ ఫోన్లు లేవకా తప్పదు. ఆ ప్రొవిజనల్ దరఖాస్తు మే నెలలోనే వేసి ఉండాలి.